తెల్లపీలికతో వచ్చిన కోడిపెట్ట

పోనీ అది తెలుపు కాదేమో, వెలిసిపోయిన ఎరుపేమో, పొద్దుగుంకే వెలుతుర్లో తన కళ్లే మోసపోయాయేమో అనుకుంటూ యిన్ వాళ్లమ్మ నీలిచొక్కా లోపలి జేబులో చెయ్యి పెట్టి ఆ గుడ్డపీలికను మళ్లీ తడిమింది, తడిమితే రంగు తెలుస్తుందా పిచ్చిదానా, తీసి చూసుకుందామంటే పక్కనే ఆయన, బస్సు గుంటలో పడ్డప్పుడల్లా ఆయన భుజం వచ్చి తన భుజానికి తగిలి వెనక్కి పోతోంది, ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ భుజం అలాగే తగులుతోంది, అలాగే వెనక్కి పోతోంది, కాళ్ల దగ్గర వెదురుబుట్టలో కోడిపెట్ట గునుస్తోంది, దాని పక్కన తాము జత కలిపిన పుంజు మెడ బయటికి సాచి ముందుసీటు ముసలాయన చెప్పుని పొడుస్తోంది, పెట్ట వస్తే ఆడపిల్ల, పుంజు వస్తే మగపిల్లాడు, అల్లుడు కోడిని తెచ్చి అత్తారింటి గడపలో పెట్టడం, వాళ్లు దానికి జంట కలిపి మూడోనాటి విందుకు తిరిగి తీసుకెళ్లడం తాతలనాటి నుంచీ ఉన్నదే, ఇందులో భయపడాల్సిందేముంది, కాని శుభవార్త తెచ్చే కోడికాళ్లకు కట్టేది ఎర్రదారం, తెల్లగుడ్డ కట్టేది ఎప్పుడు, వద్దు, ఆ మాట మనసులో కూడా అనకూడదు, అంటే వినేవాళ్లు వింటారు, ఊరిని కాచే సా తల్లీ, నేనేమీ అనలేదు, ఏమమ్మా ఆ కోళ్లకి టికెట్టు ఎవరు తీస్తారు, మీ అల్లుడా, అని కండక్టరమ్మ అరిచింది, బస్సంతా నవ్వింది, వెనకసీట్లోంచి ఒక లావుపాటి ఆవిడ మెడ సాచి, ఓ పెట్టా ఓ పుంజూనా, ఎర్రదారం పెట్టకాళ్లకుంది, అయితే మనవరాలన్నమాట, విందుకి ఇద్దరే వెళుతున్నారేంటత్తా, కావళ్లు మోసే ఆడంగులేరీ, ఊరంతా మీమీద అలిగిందా, అంది, వాళ్లు ఎల్లుండి వస్తారు, మేం ముందెళుతున్నాం, అని ఆయన అన్నాడు, పొద్దుట్నుంచి ఆయన నోట్లోంచి ఊడిపడ్డ మొదటి మాట అదే, లావుపాటావిడ వదలకుండా, తాతకి మనవరాలి మీద కాదులే, అల్లుడింటి సారా మీదుంది మనసు, అంది, మళ్లీ నవ్వులు, తనూ నవ్వింది, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని అడుగుతారు, జేబులో పీలిక వేళ్లకు చుట్టుకుంది.

నిన్న సాయంత్రం, మడిలో పని ముగిశాక ఆయన గేదెను తోలుకుని ముందు దిగిపోయాడు, తను పందులకి ఆకు కోసుకుని వెనక వచ్చింది, వచ్చేసరికి మెట్ల మీద ఈ పెట్ట పడుంది, కాళ్లకు తెల్లపీలిక, ఆయన ఇంటి వెనక కట్టెలు కొడుతున్నాడు, ఠంగ్ ఠంగ్‌మని, చూరుదాకా పేర్చిన కట్టెలుండగా ఇంకా ఎందుకు కొడుతున్నట్టు, ఈ మనిషికి ఇంటి ముందు ఏం జరిగినా పట్టదు కదా అని అంత దడలోనూ ఒళ్లు మండింది, పక్కింటి ముసలమ్మ మెట్ల మీద కూచునే, మీ అల్లుడే వచ్చాడే, కోడిని పెట్టాడు, గరిటెడు నీళ్లు తాగాడు, పోయాడు, ఓరి పెళ్లికొడకా ఆగరా, మొహానికి మసి పుయ్యాలి, తీపిసారాలో గుడ్లు కొట్టి పెట్టాలి అని నేను మొత్తుకున్నా ఆగలేదే, కళ్లు చూస్తే ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి, అంది, బిడ్డ పుట్టిన కబురు తెచ్చినవాడు మసి పూయించుకోకుండా పారిపోతాడా, అడుగంటిన కుండ మసి మొహమంతా పులుముకుని ఊళ్లో నవ్వులపాలై తిరగడానికే కదా వచ్చేది, ఎర్రటి కళ్లు, తెల్లటి గుడ్డ, అంటే బిడ్డ పుట్టింది, తల్లి, ఇక అక్కడితో ఆమె ఆలోచన ఆగిపోయింది, కాళ్లు మాత్రం ఆగలేదు, గబగబా లోపలికి పోయి పుట్టబోయే బిడ్డను వీపుకు కట్టుకోవడానికని ఏడునెలలుగా కుడుతున్న మోతగుడ్డకు మిగిలిన ఎర్రపట్టుదారం తెచ్చి, పీలిక విప్పి జేబులో కుక్కుకుని, ఆ పట్టుదారంతో కోడికాళ్లు కట్టేసింది, ఆయన చూడకూడదు, చూస్తే అడుగుతాడు, అడిగితే తను చెప్పాలి, చెబితే అది నిజమైపోతుంది, ముడి వేస్తుండగానే గొడ్డలి చప్పుడు ఆగింది, ఆయన వచ్చి కోడిని చూశాడు, కాళ్ల వంక చూశాడు, ఆడపిల్లన్నమాట, అన్నాడు, ఆఁ, అంది తను, రేపు తెల్లారగట్లే బయల్దేరదాం, మనిద్దరం, మిగతావాళ్లు తర్వాత వస్తారు, అన్నాడు, ఎందుకంత తొందర అని తను అడగలేదు, తనకు కావలసిందీ అదే.

ఆ అబ్బాయి అల్లుడిగా వద్దని తను అప్పుడే అంది, మూషెంగ్ మంచివాడే, వడ్రంగం పనిలో చెయ్యి తిరిగినవాడే, పడుచువాళ్లు రాత్రంతా పాడుకునే పాటల జాగారాల్లో యిన్ కోసం మూడు కొండలు దాటి వచ్చినవాడే, కాని తల్లి లేదు, తండ్రి లేడు, కొండ కొసన ఒంటి ఇల్లు, పిల్ల పురుడొస్తే నడుం పట్టేవాళ్లెవరు, నీళ్లు కాచేవాళ్లెవరు, అత్తపోరు లేదని ఊళ్లో అందరూ నీ కూతురు అదృష్టం చూడవే అన్నారు, పోరు పెట్టడానికైనా ఒక మనిషి ఉండాలి కదా, నెత్తురు ఆగకపోతే ఏ ఆకు నూరాలో మూషెంగ్‌కి తెలుసా, వాడికి రంపం తెలుసు, ఉలి తెలుసు, ఆ మాటే ఈయనతో అంటే, వాళ్లిష్టం, అని చుట్ట ముట్టించుకున్నాడు, అంతే, కూతురి బతుకు గురించి తండ్రి మాట్లాడిన మాట అదొక్కటే, వాళ్లిష్టం, బెల్లం కొట్టిన రాయి, బస్సు రేవు దగ్గర ఆగింది, ఆయన కావడి భుజానికెత్తుకున్నాడు, ఒకవైపు జిగురన్నం, పులిసిన చేపల జాడీ, ఒకవైపు ఎర్రరంగు వేసిన గుడ్లు, నూటెనిమిది గుడ్లు, బస్సు కుదుపుల్లో ఎన్ని పగిలాయో ఏమో, తను మోతగుడ్డ మూట చంకన పెట్టుకుని కోళ్లబుట్ట పట్టుకుంది, తినమని ఆకులో చుట్టిన అన్నం ముద్ద ఆయన చేతికిస్తే, తర్వాత, అన్నాడు, సారా తాగడానికి కడుపు ఖాళీగా ఉంచుకుంటున్నాడు కాబోలు, ఆ లావుపాటావిడ సరిగ్గానే చెప్పింది.

నది నిండుగా ఉంది, ఎర్రటి కొత్తనీరు, లాంచీ పొగ కక్కుతూ ఒడ్డును గుద్దుకుంటోంది, ఒడ్డుకీ లాంచీకీ మధ్య ఒకే బల్ల, వానకి నాని పాచి పట్టిన బల్ల, త్వరగా త్వరగా అని పడవవాడి కేక, ఆయన కావడితో చకచకా దాటిపోయాడు, వెనక్కి చూశాడా, చూడలేదు, తను ఒక అడుగు వేసింది, రెండో అడుగు వేసింది, జేబులో పీలిక గుర్తొచ్చింది, కాలు జారింది, కోళ్లు కెవ్వుమన్నాయి, నీళ్లు ఒక్కసారి పైకి లేచి మొహం మీదికి వచ్చినట్టయింది, అప్పుడు వినబడింది ఆయన గొంతు, తావ్ వాళ్లమ్మా, అని, అరుపు కాదు, ఎవరో గొంతు పట్టి పిండితే వచ్చిన చప్పుడు, మరుక్షణం ఆయన చెయ్యి తన మోచేతి మీద పడింది, తను లాంచీలో ఉంది, బుట్ట లాంచీలో ఉంది, కావడి ఒకవైపు ఒరిగి నాలుగు గుడ్లు పగిలి ఎర్రపెంకులు నీళ్లలో తేలిపోతున్నాయి, చూసుకుని నడవద్దామ్మా, మీ ఆయన నదిలో దూకేసేవాడు, అని పడవవాడు నవ్వాడు, ఆయన నవ్వలేదు, ఏమీ అననట్టే పోయి లాంచీ అంచున కూచుని నీళ్లవంక చూడసాగాడు, తను బుట్టను ఒళ్లోకి లాక్కుంది, భయం జారిపడబోయినందుకు కాదు, ఆ పేరుకి, ఇరవైమూడేళ్లుగా ఏ నోరూ పలకని పేరు, ఈ రోజున, ఈ నీళ్లమీద, ఈ ప్రయాణంలో పలికాడే, పోయినవాళ్ల పేరు నది దాటేటప్పుడు పిలవచ్చా, పిలిస్తే వెంట రారా, వచ్చి ఎవరిని తీసుకుపోతారు.

తావ్ తన తొలిచూలు, తొలిబిడ్డకు పేరు పెట్టిన రోజున ఊరు తల్లిదండ్రుల సొంతపేర్లు మరిచిపోతుంది, ఆ పొద్దుట్నుంచి తను తావ్ వాళ్లమ్మ, ఆయన తావ్ వాళ్ల నాన్న, నీళ్లరేవులో, నాట్లలో, పాటల్లో, మూడేళ్లు ఆ పేరుతోనే పలికింది, మూడో ఏడు చలికాలంలో జ్వరం, తను యిన్‌ని ఐదునెలల కడుపుతో ఉంది, నువ్వు కొండ దిగలేవు, నేను తీసుకెళతా, అని ఆయన పిల్లాణ్ణి మోతగుడ్డలో వీపుకు కట్టుకుని కింది ఊళ్లో మందులిచ్చేచోటికి పోయాడు, పొద్దువాలాక మలుపులో కనిపించాడు, పిల్లాడు వీపునే ఉన్నాడు, తల భుజం మీద ఆనుకుని, తను పరుగెత్తుకెళ్లి చెయ్యి వెయ్యబోతే, నిద్రపోతున్నాడు, గాలి తగలనీకు, అన్నాడు, తను నమ్మింది, మలుపు నుంచి ఇంటిదాకా మూడువందల అడుగులు తను ఆయన వెనకే పిల్లాడికి గాలి తగలకుండా గొడుగు పట్టుకుని నడిచింది, ఇంట్లోకొచ్చి మోతగుడ్డ విప్పాక తెలిసింది, తనకు తెలిసింది అప్పుడు, ఆయనకి ఎప్పుడు తెలుసో తను అడగలేదు, ఆయన చెప్పలేదు, మర్నాడు ఏడవకుండా గొడ్డలి తీసుకుని కొండమీదికి పోయాడు, ఆ నాలుగు నెలలూ, యిన్ పుట్టేదాకా, ఊరికి తమను ఏమని పిలవాలో తెలియలేదు, పాత పేరుతో పిలవలేక, కొత్త పేరు లేక, పిలవడమే మానేసింది, నీళ్లరేవులో ఆడవాళ్లు కళ్లతో సైగ చేసి జరగమనేవారు, యిన్ పుట్టింది, హమ్మయ్య అనుకుని ఊరంతా ఒక్కరోజులో యిన్ వాళ్లమ్మా అనడం మొదలెట్టింది, ఈయనా అన్నాడు, అందరికంటే ముందు ఈయనే అన్నాడు, చొక్కా మార్చుకున్నంత తేలిగ్గా, అది తను మరిచిపోలేదు, నిద్రపోతున్నాడన్న మాటా మరిచిపోలేదు, అందుకే ఈయన మౌనమంటే తనకు భయం, ఈయన ఏమీ అనడం లేదంటే ఏమీ లేదని కాదు, మరి ఇవాళ, తెల్లారకముందే బయల్దేరదామన్నది, అన్నం తిననిది, ఆ పేరు నోరుజారింది, అల్లుడు దారిలో ఈయనకి కనబడ్డాడా, ఏదైనా చెప్పాడా, మళ్లీ తన ముందు ఈయన తెలిసిన కబురును వీపున మోసుకుని నడుస్తున్నాడా.

లాంచీ దిగాక అంతా ఎక్కుడే, ఒకదాని మీద ఒకటి నీళ్లు నిండిన మళ్లు, ప్రతి మడిలో ఆకాశం ముక్క, గట్ల మీద కాళ్లు జారుతున్నాయి, ఎదురొచ్చే మనిషి లేడు, ఎదురొస్తే బాగుండు, మొహం చూసి తెలుసుకోవచ్చు, కాదు, ఎవరూ ఎదురు రాకపోతేనే బాగుండు, పైకప్పున్న వంతెన దగ్గర ఆయన కావడి దించాడు, నువ్విక్కడ బల్లమీద కాసేపు కూచో, కాళ్లు లాగుతుంటాయి, నేను ముందెళ్లి సామాను దించి నీ కోసం వస్తా, అన్నాడు, అదే గొంతు, గాలి తగలనీకు అన్న గొంతు, నా కాళ్లకేం, నీ కాళ్లు చూసుకో, అంది, మాట వినవేం, అన్నాడు, ఎప్పుడు వినలేదు, విన్నందుకే కదా, అంది, అని నాలుక కరుచుకుంది, ఆయన ఆమె వంక చూశాడు, చూసి తలదించుకుని కావడి తాడు సరిచేసుకుంటూ ఉండిపోయాడు, అప్పటికే ముడి బిగుతుగానే ఉంది, ఆమె బుట్ట ఎత్తుకుని వంతెన దాటేసింది, ముందు తనే నడిచింది, ఈసారి మలుపు దగ్గర తనే ముందుండాలి, ఏది చూసినా ముందు తన కళ్లే చూడాలి, వెనక ఆయన రొప్పు వినబడుతోంది, వయసైన మనిషి, నలభై సేర్ల బరువు, ఆగుదామా అనిపించింది, ఆగలేదు, వెదురుపొద దాటింది, మలుపు తిరిగింది.

ఇంటిముందు తెలుపు, దండెం మీద, మెట్ల కమ్మీ మీద, చూరు వాసాల మీద, అన్నీ తెల్లటి గుడ్డలు గాలికి కొట్టుకుంటున్నాయి, ఆమె చేతిలోంచి బుట్ట జారింది, యిన్, యిన్ తల్లీ, నేను రాకముందే, ఒక్కదానివే, అమ్మా అని ఎన్నిసార్లు పిలిచావో, కళ్ల ముందు గుమ్మం గిరగిరా తిరిగింది, ఆ తిరుగుడులోనే గుమ్మానికి వేలాడుతున్న పచ్చగడ్డి ముడి కనబడింది, బాలింత ఉన్న ఇల్లు, పైవాళ్లు రాకండి అని వేసే ముడి, చావింటికి ఆ ముడి ఎవరు వేస్తారు, అంతలో లోపలినుంచి ఒక గొంతు, ఓయ్ మహానుభావా, ఎన్నిసార్లు చెప్పాలి, పొత్తిగుడ్డలు అన్నీ ఒకేసారి ఉతికేస్తే ఇప్పుడు దీనికి ఏం చుట్టను, నీ తలపాగా చుట్టనా, అని, గట్టిగా, విసుగ్గా, బతికిన మనిషి గొంతు, దోమతెరంతా చింపేశా, ఇంక చింపడానికి ఏముందే ఇంట్లో, అని మూషెంగ్ గొంతు, దోమతెర, తెల్లటి పాత దోమతెర, పీలికలు పీలికలుగా చించి ఉతికి ఆరేసిన పొత్తిగుడ్డలు, అందులో ఒక పీలిక తన జేబులో, ఆమెకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో, చతికిలబడి కూచుని బుట్టలో కోళ్లను తిట్టడం మొదలెట్టింది.

యిన్ పొయ్యి పక్కన దుప్పటి కప్పుకుని కూచునుంది, మొహం పాలిపోయింది, పెదాలు ఎండాయి, ఎల్లుండి కదా విందు, ఇవాళే వచ్చేశారేంటి, ఇంట్లో టీపొడి తప్ప ఏం లేదు, ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారమ్మా, అంది, మంత్రసాని నిన్న పొద్దున్నే వెళ్లిపోయిందట, రెండు రాత్రులు మూషెంగ్ కన్ను మూయలేదట, కబురు చెప్పే ఆచారం మానకూడదని పరుగెత్తుకొచ్చి, పిల్లా తల్లీ ఒంటరిగా ఉన్నారని మసికి కూడా ఆగకుండా పరుగెత్తుకుపోయాడట, అంతే, అంతకుమించి ఏమీ లేదు, అంతా విని ఆమె వెళ్లి కుండ అడుగు మసి రెండు చేతులకూ రాసుకుని అల్లుడి మొహమంతా పులిమింది, నిన్న ఎగ్గొట్టావు కదరా, ఇదిగో వడ్డీతో, అంది, కళ్లమీద పడిందత్తా, అని వాడు మొత్తుకుంటుంటే యిన్ కడుపు పట్టుకుని నవ్వింది, నవ్వకే, పచ్చి ఒళ్లు, అని తను కసిరింది, పిల్లను ఒళ్లోకి తీసుకుంది, గుప్పెడు పిల్ల, ఇంకా పేరు లేని పిల్ల, మూడోనాడు పేరు పెట్టగానే యిన్ కూడా తన పేరు పోగొట్టుకుంటుంది, మోతగుడ్డ విప్పితే యిన్ వేలితో తడిమి, ఈ పువ్వుకి ఒక రేకు లేదేంటమ్మా, అంది, దారం అయిపోయింది, అంది తను.

చెక్కగోడ అవతల మెట్ల మీద మామా అల్లుళ్లు కూచున్నారు, ఆయన అన్నం ముద్ద ఇప్పుడు తింటున్నాడు, నములుతూనే అంటున్నాడు, నాయనా, ఇంకోసారి కోడి తెచ్చినప్పుడు కాళ్లకి ఎర్రదారం కట్టు, తెల్లది కట్టకూడదు, తెలీదు మామా, చెప్పేవాళ్లెవరున్నారు నాకు, చేతికి దొరికింది కట్టేశా, తప్పయిందా, తప్పేం లేదులే, నీకు తెలీక చేశావు, నిన్న మీ అత్తకంటే ముందు నేనే ఇంటికొచ్చా, చూశా, విప్పేద్దామంటే చేతులు ఆడలేదురా, వెనక్కిపోయి కట్టెలు కొట్టా, కొట్టి కొట్టి ధైర్యం తెచ్చుకుని వచ్చేసరికి ఆవిడ ఎర్రదారం కట్టేసింది, ఓహో ఈవిడా చూసిందన్నమాట, నేను నోరు తెరిస్తే ఈవిడ నడవలేదు అని ఊరుకున్నా, అన్నాడు, వంతెన దగ్గర ఆగమన్నా ఆగలేదు, అన్నాడు, ఆమె చేతిలో పిల్ల కదిలింది, జోకొడుతున్న చెయ్యి ఆగిపోయింది, చూశాడు, ముందే చూశాడు, బస్సులో భుజం తగిలినప్పుడల్లా ఆ భుజంలోనూ అదే దడ, ఇద్దరూ ఒకే సీటులో కూచుని ఒకే పీలికను ఒకరికి తెలియకుండా ఒకరు మోశారు, తినని అన్నం సారా కోసం కాదు, కావడి తాడు బిగించిన బిగింపు, అవసరం లేని కట్టెలు, చూరుదాకా కట్టెలు, తావ్ పోయిన మర్నాడు కొండమీదికి గొడ్డలి తీసుకుపోయినవాడు ఏడవలేదని ఎవరు చూశారు, ఆ చప్పుడు రోజంతా వినబడింది కదా, తనే కదా విన్నది, నిద్రపోతున్నాడు అన్నప్పుడు ఐదునెలల కడుపుతో మూడువందల అడుగులు తను నడవాలి కదా, ఆ మూడువందల అడుగులూ చల్లబడ్డ బిడ్డను వీపున పెట్టుకుని, వెనక గొడుగు పట్టుకుని నమ్మకంగా వస్తున్న తనను పెట్టుకుని, ఆయన ఎలా నడిచాడు, ఇరవైమూడేళ్లలో ఒక్కసారీ తను ఆ ప్రశ్న వేసుకోలేదు, పిల్లను యిన్ ఒళ్లో పడుకోబెట్టి ఆమె లేచి గుమ్మం దగ్గరికి వచ్చింది, మూషెంగ్ కోళ్లను తీసుకుని ఇంటి వెనక్కి పోయాడు, ఆయన ఒక్కడే ఇటు వీపు పెట్టి మెట్టుమీద కూచుని కింద మళ్లవంక చూస్తున్నాడు, చొక్కామీద కావడి రాసుకున్న చోట తడి, యిన్ వాళ్ల నాన్నా అనబోయి ఆగింది, పెదాలు తడుపుకుంది, తావ్ వాళ్ల నాన్నా, అని పిలిచింది, ఉలిక్కిపడతాడనుకుంది, పడలేదు, తలైనా తిప్పలేదు, నిన్న కూడా అదే పేరుతో పిలిపించుకున్న మనిషిలా, ఊఁ, అన్నాడు, అప్పుడు తెలిసింది ఆమెకు, ఈ మనిషి ఇన్నేళ్లూ ఆ పేరుకి పలకడానికి సిద్ధంగానే ఉన్నాడని, పిలిచేవాళ్లే లేకపోయారని.